బానా టాప్: ఆ తాడు బిగించింది ఎవరు?

 

మన దగ్గర రోడ్లకి, ఫ్లైఓవర్లకి, స్టేడియాలకి మనుషుల పేర్లు పెట్టడం మామూలే. కానీ సముద్ర మట్టానికి 21,153 అడుగుల ఎత్తులో ఉన్న ఒక మంచు శిఖరానికి ఒక సైనికుడి పేరు పెట్టారు. అది కూడా ఆయన చనిపోయాక పెట్టింది కాదు. ఆయన దాన్ని గెలిచి, కిందికి దిగొచ్చి, రిటైరై, సొంతూళ్లో ఉంటున్నారు. ఆ శిఖరం పేరు బానా టాప్. ఆ మనిషి హానరరీ కెప్టెన్ బానా సింగ్. పరమ వీర చక్ర.

ఈయన గురించి మీరు ఒక రీల్ అయినా చూసే ఉంటారు. ముప్పై సెకన్ల వీడియో, వెనకాల డప్పుల మ్యూజిక్, పైన పెద్ద అక్షరాలతో "ఒక్కడే వెళ్లి పాకిస్తాన్ పోస్ట్ లాక్కున్నాడు" అని. చూస్తుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నాకూ అలాగే ఉంటుంది. కాకపోతే ఆ "ఒక్కడే" అన్న మాట దగ్గర నాకో అభ్యంతరం ఉంది. ఆయన ఒక్కరే వెళ్లలేదు. ఆయన కంటే ముందు అదే మంచు గోడ మీదికి వెళ్లి తిరిగి రానివాళ్లున్నారు. ఆ గోడకి తాళ్లు బిగించినవాళ్లున్నారు. ఇవాళ ఆ కథంతా వరుసగా చెప్పుకుందాం. మొత్తం విన్నాక బానా సింగ్ గారి ధైర్యం మీకు ఇంకా పెద్దగా కనిపిస్తుందని నా నమ్మకం.

అసలు అక్కడ యుద్ధం ఎందుకొచ్చింది?

ముందు మ్యాప్ అర్థం కావాలి. 1949లో కరాచీలో భారత్, పాకిస్తాన్ మధ్య కాల్పుల విరమణ రేఖ మీద ఒప్పందం జరిగింది. ఆ రేఖని మ్యాప్ మీద ఎన్‌జే 9842 అనే పాయింట్ వరకు గీశారు. అక్కడి నుంచి ఏంటి? "అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల వైపు" అన్నట్టుగా రాసి వదిలేశారు. ఎందుకంటే అంత మంచులో, అంత ఎత్తులో ఎవరు ఉంటారు, ఎవరు కొట్టుకుంటారు అనుకున్నారు. ఆ గీయని గీతే తర్వాత యుద్ధానికి కారణమైంది.

సియాచిన్ హిమానీనదం పొడవు దాదాపు 76 కిలోమీటర్లు. దానికి పడమర వైపు సాల్టోరో అనే పర్వతాల వరుస గోడలాగా నిలబడి ఉంటుంది. ఆ గోడ మీద ఎవరుంటే కింద హిమానీనదం వాళ్ల చేతిలో ఉన్నట్టే. 1984 ఏప్రిల్ 13న భారత సైన్యం ఆపరేషన్ మేఘదూత్ మొదలుపెట్టి, సాల్టోరో మీదున్న ముఖ్యమైన కనుమల్ని ముందుగా చేరుకుంది. అందులో ఒకటి బిలాఫోండ్ లా. "లా" అంటే అక్కడి భాషలో కనుమ.

అయితే ఆ బిలాఫోండ్ లా దగ్గరే ఒక ఎత్తైన శిఖరం మీద పాకిస్తాన్ సైనికులు పోస్ట్ పెట్టుకున్నారు. జిన్నాని వాళ్లు కాయిద్-ఎ-ఆజమ్ అంటారు కదా, ఆయన పేరు మీద దానికి కాయిద్ పోస్ట్ అని పేరు పెట్టారు. అక్కడ కూర్చుంటే కిందున్న మన అమర్, సోనమ్ పోస్టులు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ పోస్టులకి రోడ్డు లేదు. తిండి, కిరోసిన్, మందులు, గాయపడ్డవాళ్లని దించడం, అన్నిటికీ హెలికాప్టరే. పైన కూర్చున్నవాడు హెలికాప్టర్‌ని కాలుస్తానంటే కిందివాళ్లకి తిండి ఆగిపోయినట్టే.

1987 ఏప్రిల్‌లో అదే జరిగింది. కాయిద్ పోస్ట్ నుంచి సోనమ్ మీదికి కాల్పులు జరిపారు. మన సైనికులు చనిపోయారు. ఇక ఆ పోస్ట్ పైన అలా ఉన్నంతకాలం కింద నిలబడటం కష్టమని తేలిపోయింది.

21 వేల అడుగులు అంటే ఎంత?

నంబర్ చెప్తే మనకి అర్థం కాదు. కాబట్టి ఇలా చూడండి. మన తూర్పు కనుమల్లో, అరకు పాడేరు వైపు ఉన్న అన్నిటికంటే ఎత్తైన కొండలు కూడా దాదాపు 1,700 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. బానా టాప్ దాదాపు 6,450 మీటర్లు. అంటే అలాంటి కొండలు దగ్గర దగ్గర నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టాలి.

అంత ఎత్తులో గాలి పలచబడిపోతుంది. మనం ఇక్కడ ఒక శ్వాసలో పీల్చుకునే ఆక్సిజన్‌లో సగం కూడా అక్కడ దొరకదు. నాలుగు అడుగులేస్తే ఆయాసం. నిద్ర పట్టదు, ఆకలి వేయదు. తల పగిలిపోయే నొప్పి. ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరే ప్రమాదం. గ్లౌజ్ తీసి చేతిని ఇనుముకి ఆనిస్తే చర్మం అతుక్కుపోతుంది. వేళ్లు గడ్డకడితే తర్వాత కోసేయాల్సి వస్తుంది. వీటన్నిటి మధ్య రైఫిల్ మోసుకుంటూ, శత్రువు పైనుంచి చూస్తుండగా ఎక్కాలి.

ఆ పోస్ట్ చేరడానికి చివర్లో ఉన్నది ఒక మంచు గోడ. ఎత్తు సుమారు 457 మీటర్లు. మన చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. ఎనిమిది చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, మొత్తానికి మంచు పూసి, పైన మెషిన్ గన్ పెట్టినట్టు ఊహించుకోండి. అదీ పరిస్థితి.

మొదటి తాడు

ఇప్పుడు మనం గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి పేరు. సెకండ్ లెఫ్టినెంట్ రాజీవ్ పాండే. సెకండ్ లెఫ్టినెంట్ అంటే అప్పట్లో ఆఫీసర్ల ర్యాంకుల్లో మొట్టమొదటిది. అంటే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర ఆఫీసర్. యూనిట్ 8వ జమ్మూ అండ్ కాశ్మీర్ లైట్ ఇన్‌ఫాంట్రీ. ఆర్మీలో దీన్ని షార్ట్‌గా 8 జాక్ లై అంటారు.

1987 మే నెలాఖరులో, 29న, పాండే ఒక చిన్న దళంతో ఆ గోడ వైపు వెళ్లారు. ఎక్కే దారి చూడాలి, తాళ్లు బిగించాలి, పైన శత్రువు పరిస్థితి తెలుసుకోవాలి. గోడ మీద తాళ్లు బిగించారు. పైకి దగ్గరవుతుండగా శత్రువు కంట పడ్డారు. మంచు గోడ మీద దాక్కోవడానికి ఏముంటుంది? రాయి లేదు, చెట్టు లేదు. తెల్లటి గోడ మీద మనిషి చుక్కలా కనిపిస్తాడు. పాండే, ఆయనతో వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడే ప్రాణాలు వదిలారు.

రీల్‌లో ఈ భాగం ఉండదు. ఎందుకంటే ఇది గెలుపు కాదు. పోస్ట్ దక్కలేదు, మనుషులు పోయారు. రిజల్ట్ కాలమ్‌లో రాస్తే "ఫెయిల్" అని రాయాలి. కానీ వాళ్లు బిగించిన తాళ్లు ఆ గోడ మీదే ఉన్నాయి.

యూనిట్ దీన్ని మర్చిపోలేదు. తర్వాతి నెలంతా తయారీలో గడిచింది. ఆపరేషన్‌కి పెట్టిన పేరు ఆపరేషన్ రాజీవ్. చాలామంది ఇది అప్పటి ప్రధాని పేరు అనుకుంటారు. కాదు. ఆ గోడ మీద పోయిన కుర్ర ఆఫీసర్ రాజీవ్ పాండే పేరు.

ఫెయిలైన రోజులు

ఆపరేషన్ బాధ్యత మేజర్ వరీందర్ సింగ్‌ది. 1987 జూన్ 23న మొదలుపెట్టారు. మొదటి ఇబ్బంది ఏంటో తెలుసా? పాండే వాళ్లు కట్టిన తాళ్లు కనిపించలేదు. నెల రోజుల మంచు వాటిని కప్పేసింది. చీకట్లో, ఆ చలిలో, మంచు తవ్వుతూ తాడు కోసం వెతకాలి. తాడు దొరక్క మొదటి ప్రయత్నం అక్కడే ఆగింది.

ఆ తర్వాత సుబేదార్ హర్నామ్ సింగ్ నాయకత్వంలో ఒక దళం వెళ్లింది. పైనుంచి కాల్పులు మొదలయ్యాయి. తిరిగి కాల్చాలంటే మన ఆయుధాలు చలికి బిగుసుకుపోయాయి. ఇది మనకి వింతగా అనిపిస్తుంది గానీ, తుపాకీ లోపల రాసే నూనె కూడా ఆ చలికి గట్టిపడిపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే గుండు వెళ్తుందన్న గ్యారంటీ లేదు. ఆ దళం కూడా మనుషుల్ని కోల్పోయింది.

తర్వాత సుబేదార్ సంసార్ చంద్. ఈయన దళం పైకి చాలా దగ్గరగా వెళ్లగలిగింది. ఇంకొంచెం బలగం వస్తే పని అయిపోతుంది. ఆ మాట కింద మేజర్‌కి చెప్పాలి. రేడియో సెట్ తీస్తే బ్యాటరీ చచ్చిపోయింది.

మన ఫోన్లకి కూడా జరుగుతుంది ఇది. మనాలి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, నలభై శాతం చార్జ్ ఉన్న ఫోన్ చలిలో ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతుంది. బ్యాటరీ లోపల జరిగే రసాయన చర్య చలికి నెమ్మదిస్తుంది, కరెంటు సరిగ్గా బయటికి రాదు. మనకైతే ఒక సెల్ఫీ పోతుంది. అక్కడ కబురు చెప్పడానికి ఒక మనిషిని ఆ గోడ మీద నుంచి కిందికి పంపాల్సి వచ్చింది. అలా బయల్దేరిన హవల్దార్ రామ్ దత్ దిగుతూ జారిపడి చనిపోయారు.

ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. రామ్ దత్ ఎవరినీ కాల్చలేదు, ఆయన్ని ఎవరూ కాల్చలేదు. ఒక సందేశం మోసుకుని దిగుతున్నారు. సినిమా తీస్తే ఈయన పాత్రకి డైలాగ్ కూడా ఉండదేమో. కానీ నిండా మంచు పట్టిన నిలువు గోడ మీద నుంచి, ఒళ్లు సహకరించని స్థితిలో, "నేను వెళ్తాను" అని దిగడాన్ని ధైర్యం అనకుండా ఇంకేం అంటాం?

జూన్ 26

అప్పటికి పరిస్థితి ఇది. రోజుల తరబడి గోడ మీద పోరాటం. మనుషులు పోతున్నారు. ఉన్నవాళ్లు చలికి, ఆకలికి అలిసిపోయారు. ఎక్కువ రోజులు ఇలాగే ఉంటే ఎవరూ కాల్చకుండానే అందరూ పోతారు. అలాగని శత్రువు పరిస్థితి కూడా గొప్పగా లేదు. వాళ్లూ అదే ఎత్తులో, అదే చలిలో, రోజుల తరబడి నిద్ర లేకుండా కాల్పులు ఎదుర్కొంటున్నారు.

అప్పుడు ముందుకొచ్చింది నాయబ్ సుబేదార్ బానా సింగ్. 1949 జనవరి 6న జమ్మూ దగ్గర రణబీర్ సింగ్ పురా ప్రాంతంలోని కాద్యాల్ అనే ఊళ్లో పుట్టారు. సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజున, 1969 జనవరి 6న, ఆర్మీలో చేరారు. ఆపరేషన్ నాటికి ఆయన వయసు 38. అంటే కుర్రతనపు దూకుడుతో దూకిన మనిషి కాదు. పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉన్నవాడు. ఆ గోడ ఏం చేయగలదో కళ్లారా చూసినవాడు. ముందు వెళ్లినవాళ్లకి ఏమైందో తెలిసినవాడు. నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఇదే. తెలియక వెళ్లడం వేరు, మొత్తం తెలిసి వెళ్లడం వేరు.

ఆయనతో నలుగురు రైఫిల్‌మెన్. పేర్లు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. చూనీ లాల్, లక్ష్మణ్ దాస్, ఓం రాజ్, కాశ్మీర్ చంద్. మొత్తం ఐదుగురు.

ఇంతకుముందు ప్రయత్నాలు చీకట్లో జరిగాయి. ఈసారి పగలే బయల్దేరారు. మంచు తుఫాను వీస్తోంది, ఎదురుగా ఉన్న మనిషి కనిపించడం లేదు. మామూలుగా అయితే అలాంటి వాతావరణంలో ఎవరూ కదలరు. పైనున్నవాళ్లు కూడా అదే అనుకుంటారు. ఆ తుఫానే వీళ్లకి అడ్డుతెర అయింది. పైగా శత్రువు ఎదురుచూసే వైపు నుంచి కాకుండా, ఇంకా కష్టమైన, ఇంకా చుట్టు తిరిగే దారిలో వెళ్లారు.

పైకి చేరాక చూస్తే అక్కడున్నది ఒకే ఒక్క బంకర్. బానా సింగ్ దాని దగ్గరికి పాకుతూ వెళ్లి, లోపలికి గ్రెనేడ్ విసిరి, తలుపు బయటి నుంచి మూసేశారు. బయట ఉన్నవాళ్లతో దగ్గర దగ్గరగా పోరు జరిగింది. తుపాకీకి ముందు బిగించే కత్తి ఉంటుంది కదా, బాయొనెట్, దానితో పోరాడారు. కొందరు పాకిస్తాన్ సైనికులు శిఖరం మీద నుంచి అవతలికి దూకేశారు. తర్వాత చూస్తే ఆరు శవాలు దొరికాయి. కాయిద్ పోస్ట్ మన చేతికి వచ్చింది. ఆ రోజు నుంచి దాని పేరు బానా టాప్.

గ్రెనేడ్ విసిరి తలుపు మూయడం అనేది వినడానికి ఒక్క వాక్యం. కానీ ఆ బంకర్‌లో ఉన్నదీ మనుషులే. వాళ్ల దేశం వాళ్లని అక్కడికి పంపింది. వాళ్లకీ ఇళ్ల దగ్గర ఎదురుచూసేవాళ్లుంటారు. ఇది చెప్పినంత మాత్రాన బానా సింగ్ చేసింది తక్కువ అయిపోదు. యుద్ధం ఒక మనిషి చేత ఏం చేయిస్తుందో తెలుసుకోకుండా చప్పట్లు కొడితే, ఆయన మోసింది ఎంత బరువో మనకి అర్థం కాదు. అందుకే ఇక్కడ డప్పుల మ్యూజిక్ పెట్టడం నాకు ఇష్టం లేదు.

పతకం ఒకరికి, పని ఎంతమందిది?

1988 రిపబ్లిక్ డే నాడు బానా సింగ్‌కి పరమ వీర చక్ర ప్రకటించారు. యుద్ధంలో చూపించిన ధైర్యానికి మన దేశం ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా దీన్ని అందుకున్నవాళ్లు 21 మందే. అందులో 14 మందికి చనిపోయాక ఇచ్చారు. ఇది ఎంత అరుదో చూడండి.

అదే ఆపరేషన్‌లో సంసార్ చంద్‌కి మహావీర చక్ర వచ్చింది. మేజర్ వరీందర్ సింగ్‌కి వీర చక్ర. రాజీవ్ పాండేకి మరణానంతరం వీర చక్ర. ఇంకా కొందరికి పతకాలొచ్చాయి. అంటే ఈ గెలుపు ఒక్కరిది కాదని ఆర్మీకి స్పష్టంగా తెలుసు. శిఖరానికి బానా పేరు పెట్టింది, ఆపరేషన్‌కి రాజీవ్ పేరు పెట్టింది. గెలిచినవాడి పేరూ, ఓడి చనిపోయినవాడి పేరూ రెండూ నిలిపింది. మర్చిపోయింది మనం. మన రీల్స్.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఒక అలవాటు అయింది. ఏ ప్రాజెక్ట్ తీసుకున్నా కోడ్ హిస్టరీ చూస్తే ఎవరు ఏ రోజు ఏ లైన్ రాశారో మొత్తం ఉంటుంది. పనిచేయక తీసేసిన లైన్ కూడా ఉంటుంది, అది రాసినవాడి పేరుతో సహా. యుద్ధాన్ని కోడ్‌తో పోల్చడం చాలా చిన్న పోలిక, నాకు తెలుసు. కానీ ఒక వీరుడిని గుర్తుచేసుకోవడం అంటే అలా హిస్టరీ తెరిచి చూడటమే అని నాకనిపిస్తుంది. చివరి లైన్ మాత్రమే చదివితే ఆ లైన్ ఎలా సాధ్యమైందో తెలియదు.

కామెంట్స్‌లో ఒకటి వస్తుంది, ముందే చెప్తున్నా. "బ్రో, అందరికీ క్రెడిట్ పంచేస్తే బానా సింగ్ గొప్పతనం తగ్గిపోదా?" అని. నా జవాబు ఇది. "ఒక్కడే వెళ్లి గెలిచాడు" అంటే ఆయన మామూలు మనిషి కాదు, సూపర్ హీరో అన్నట్టు అవుతుంది. సూపర్ హీరోకి భయం ఉండదు కదా, ఇక ధైర్యం ఎక్కడిది? తన ముందు వెళ్లిన స్నేహితులు తిరిగి రాకపోవడం చూసి, తుపాకీ పనిచేస్తుందో లేదో తెలియక, అయినా నలుగురు కుర్రాళ్లని వెంటబెట్టుకుని ఎక్కిన 38 ఏళ్ల మనిషి, ఆయన నాకు సూపర్ హీరో కంటే చాలా పెద్దవాడు.

తర్వాత ఏమైంది?

శిఖరం గెలిస్తే కథ అయిపోతుంది సినిమాలో. నిజంలో అక్కడి నుంచే మొదలవుతుంది. ఎందుకంటే గెలిచినదాన్ని నిలబెట్టుకోవాలి. అదే 1987 సెప్టెంబర్‌లో పాకిస్తాన్ బిలాఫోండ్ లా వైపు మళ్లీ పెద్ద దాడి చేసింది. దాన్ని మనవాళ్లు తిప్పికొట్టారు. 2003 నవంబర్‌లో కాల్పుల విరమణ వచ్చింది. అప్పటి నుంచి అక్కడ తుపాకులు దాదాపు మౌనంగానే ఉన్నాయి. కానీ మనుషులు పైనే ఉన్నారు. ఇవాళ మీరు ఇది చదువుతున్న ఈ నిమిషంలో కూడా.

సియాచిన్‌లో 1984 నుంచి ఇప్పటిదాకా శత్రువు గుండుకి పోయినవాళ్ల కంటే చలికి, హిమపాతాలకి, ఎత్తు వల్ల వచ్చే జబ్బులకి పోయినవాళ్లే ఎక్కువ. రెండు వైపులా అంతే.

మన తెలుగువాళ్లకి ఇదేదో దూరపు కథ అనిపిస్తే ఒక తేదీ చెప్తాను. 2016 ఫిబ్రవరి 3. సోనమ్ పోస్ట్. కథ మొదట్లో చెప్పుకున్నాం కదా, కాయిద్ నుంచి కాల్పులు పడిన పోస్ట్, అదే సోనమ్. ఆ రోజు దాని మీద మంచు చరియ విరిగిపడింది. మద్రాస్ రెజిమెంట్‌కి చెందిన దళం మంచు కింద కూరుకుపోయింది. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పడ్ ప్రాణాలతో దొరికారు. దేశమంతా ప్రార్థనలు చేసింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరి 11న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. మొత్తం పది మంది పోయారు. ఆ పది మందిలో అప్పటి కర్నూలు జిల్లా పర్నపల్లెకి చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నారు. మన రాయలసీమ కుర్రాడు. ఎండలు మండే ఊరి నుంచి వెళ్లి, ఆ మంచులో కాపలా కాస్తూ పోయారు.

ముస్తాక్ అహ్మద్ వాళ్లు కాపలా కాసిన ఆ సోనమ్ నిలబడి ఉండటానికి కారణం 1987లో పైనున్న కాయిద్ పోస్ట్ మన చేతికి రావడం. అది రావడానికి కారణం బానా సింగ్ దళం. వాళ్లకి దారి చూపించింది వరీందర్ సింగ్, హర్నామ్ సింగ్, సంసార్ చంద్, రామ్ దత్. వాళ్లందరికీ ముందు రాజీవ్ పాండే. తాడు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చిందో చూశారా?

చూనీ లాల్ గురించి కూడా చెప్పాలి. బానా సింగ్‌తో ఎక్కిన నలుగురిలో ఒకరు. అప్పటికి వయసు 19. అంటే ఈ ఎపిసోడ్ చూస్తున్న మీలో చాలామంది వయసు. బానా టాప్ పోరుకి ఆయనకి సేనా మెడల్ ఇచ్చారు. 1999లో పూంచ్ వైపు తన పోస్ట్ మీద జరిగిన దాడిని తిప్పికొట్టినందుకు వీర చక్ర. తర్వాత ఆయనా నాయబ్ సుబేదార్ అయ్యారు, ఒకప్పుడు బానా సింగ్ ఉన్న అదే ర్యాంకు. 2007 జూన్ 24న కుప్వారా సెక్టార్‌లో చొరబాటుదారులతో పోరాడుతూ ప్రాణాలు వదిలారు. బానా టాప్ గెలిచి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండటానికి రెండు రోజుల ముందు. మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు. శాంతి కాలంలో చూపించే ధైర్యానికి అదే అత్యున్నత పతకం. మూడు పతకాలు, ఒకే మనిషి. పేరు ఇంతకుముందు విన్నవాళ్లు ఎంతమంది?

166 రూపాయలు

ఇక చివరి విషయం. ఇది కొంచెం చేదుగా ఉంటుంది.

బానా సింగ్ 2000 అక్టోబర్ 31న రిటైరయ్యారు. ఆర్మీ పెన్షన్ సంగతి వేరు. దానితో పాటు శౌర్య పతకాలు వచ్చినవాళ్లకి ఆయా రాష్ట్ర ప్రభుత్వాలు కొంత భత్యం ఇస్తాయి. పరమ వీర చక్ర అందుకున్న బానా సింగ్‌కి సొంత రాష్ట్రం జమ్మూ కాశ్మీర్ ఇచ్చిన భత్యం నెలకి 166 రూపాయలు. సున్నాలేవీ మిస్ కాలేదు. నూట అరవై ఆరు. అప్పటి రూపాయి, ఇప్పటి రూపాయి ఒకటి కావని తెలుసు. అయినా ఇవాళ మీ 28 రోజుల రీఛార్జ్ ఎంతో ఒకసారి చూసుకుని, ఆ నంబర్ పక్కన ఈ నంబర్ పెట్టండి.

ఆయన దీని మీద గొంతెత్తారు. పత్రికల్లో వచ్చింది. పంజాబ్ ప్రభుత్వం పెద్ద మొత్తం, భూమి ఇస్తామంది. కాకపోతే వాళ్ల రాష్ట్రానికి వచ్చి ఉండాలి. ఆయన వెళ్లలేదు. నాది జమ్మూ కాశ్మీర్, ఇక్కడే ఉంటానన్నారు. 21 వేల అడుగుల మీద దేశం కోసం ఒక చోటుని గెలిచిన మనిషి, తన చోటుని డబ్బు కోసం వదులుకోలేదు.

పతకాలు వచ్చినవాళ్లకి ఒక్కో రాష్ట్రం ఒక్కో లెక్కన ఇస్తుంది. గుండు ఏ రాష్ట్రంవాడని చూసి తగలదు. మరి లెక్క మాత్రం ఎందుకు ఊరిని బట్టి మారాలి? ఇది నా ప్రశ్న. మీరూ ఆలోచించండి. లక్షల వ్యూస్ వచ్చే "సెల్యూట్" రీల్ కింద ఈ ప్రశ్న ఎవరూ అడగరు. సెల్యూట్ ఫ్రీ కదా.

2023 జనవరి 23న అండమాన్‌లో పేరు లేని 21 దీవులకి 21 మంది పరమ వీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. అందులో ఒకటి బానా ద్వీపం. ఉత్తరాన మంచులో ఒక శిఖరం, దక్షిణాన సముద్రంలో ఒక దీవి, రెండూ ఒకే మనిషి పేరు మీద. చాలా బాగుంది. అంతే గౌరవం ఆ మనిషి బతికున్న రోజుల్లో నెల నెలా చేతికి కూడా అందితే ఇంకా బాగుంటుంది.

పరమ వీర చక్ర అందుకుని ఇవాళ మన మధ్య ఉన్నది ముగ్గురే. బానా సింగ్ గారు, కార్గిల్‌లో పోరాడిన యోగేంద్ర సింగ్ యాదవ్ గారు, సంజయ్ కుమార్ గారు. రిపబ్లిక్ డే పరేడ్‌లో మొదట్లోనే ఓపెన్ జీపుల్లో పరమ వీర చక్ర, అశోక చక్ర గ్రహీతలు వెళ్తారు. టీవీలో కొన్ని సెకన్లే కనిపిస్తుంది. మనం సాధారణంగా ట్యాంకుల కోసం, యుద్ధ విమానాల కోసం చూస్తూ ఆ జీపుల్ని వదిలేస్తాం. వచ్చే జనవరి 26న ఆ జీపుల్ని మిస్ అవ్వకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పిలిచి చూపించండి. బానా సింగ్ పేరు చెప్పేటప్పుడు పక్కనే రాజీవ్ పాండే పేరు చెప్పండి, రామ్ దత్ పేరు చెప్పండి, చూనీ లాల్ పేరు చెప్పండి.

ఈసారి ఎవరైనా "ఒక్కడే గెలిచాడు" అని ఫార్వర్డ్ పంపితే గొడవ పడొద్దు. ఒక్క లైన్ రిప్లై పెట్టండి: "ఐదుగురు ఎక్కారు, వాళ్ల ముందు ఇంకా చాలామంది ఎక్కారు." అడిగితే మిగతా కథ చెప్పండి. మీ ఊళ్లో, మీ మండలంలో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఆయన పేరు, ఆయన ఎక్కడ పనిచేశారో కామెంట్స్‌లో రాయండి. ఆయన అనుమతి తీసుకుని మాత్రమే రాయండి.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి. జై హింద్.